మూడు చుక్కల మామయ్య

మా మామయ్య ఎవర్నీ నమ్మరు. కూరగాయల షాపు తూకాన్ని నమ్మరు, మందుల షాపు బిల్లును నమ్మరు, వాన పడదని చెప్పిన రేడియోనూ నమ్మరు. బస్సు డిపోలో స్టోరు చూసుకుంటూ రిటైరైన మనిషి. మా ఇంట్లో ఏ ఇనప వస్తువు తిప్పి చూసినా ఒక మూల మూడు చుక్కలు వరసగా గుంటలు పడి కనిపిస్తాయి. కుక్కరు మూత మీద, నిచ్చెన కాలి మీద, స్పానర్ల మీద, చివరికి మా పాప తోపుడుబండి ఇరుసు మీద కూడా. మొన తేలిన ఉక్కు పంచ్‌ను వస్తువు మీద నిలబెట్టి, సుత్తితో దాని నెత్తిన ఒక్కటేస్తే పడే చుక్కలవి. ఈ వస్తువు ఇక్కడిదేనని చెప్పే సాక్ష్యం.

"నన్నొక్కదాన్నే వదిలేశారు," అంటారు అత్తయ్య. "పెళ్ళి హడావిడిలో సుత్తి ఎక్కడో పెట్టి మర్చిపోయి ఉంటారు."

ఈ చుక్కల వెనక కథ నాకు చెప్పింది అత్తయ్యే. మామయ్య ఉద్యోగంలో చేరిన కొత్తలో స్టోరు నుంచి కొత్త బ్రేకు లైనింగులు ఇచ్చారట. బస్సుకు వేసినవి మాత్రం అరిగిపోయిన పాతవి. మధ్యలో ఎవరో మార్చేశారు. దిగుడు రోడ్డు మీద బస్సు ఆగక గోడకు కొట్టుకుంది. అదృష్టం కొద్దీ ఎవరికీ ఏం కాలేదు కానీ, కొత్తవి అమ్ముకుని పాతవి ఇచ్చాడన్న మాట మామయ్య మీద పడింది. ఇచ్చింది కొత్తవేనని నిరూపించడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. లైనింగులన్నీ ఒకేలా ఉంటాయి కదా. దొంగ దొరికేదాకా ఆయన ఇంట్లోనే కూర్చున్నారు. తిరిగి ఉద్యోగంలోకి వెళ్ళిన రోజు జేబులో పంచ్ పెట్టుకుని వెళ్ళారు. డిపోలో అందరూ మూడు చుక్కలాయన అనేవారట. వెక్కిరింపుగానే అనేవారు, కానీ ఆ స్టోరు నుంచి మళ్ళీ ఏదీ మారలేదు.

ఆయనకు ఇంకో నియమం ఉంది: పాతది చేతిలో పెడితేనే కొత్తది. మా ఆయన చిన్నప్పుడు కొత్త టూత్‌బ్రష్ కావాలంటే అరిగిపోయిన బ్రష్ తెచ్చి చూపించాలి. నేను కాపురానికి వచ్చిన మొదటి వారం కొత్త సబ్బు అడిగితే, మామయ్య మొహమాటపడుతూనే చెయ్యి చాచారు. నాకు అర్థం కాలేదు. "పాత సబ్బు ముక్క ఇవ్వు, లేకపోతే నీకు స్నానం లేదు," అని లోపల్నుంచి అత్తయ్య అరిచారు.

ఇలాంటి మనిషితో నాకు పొసగదని అందరూ అనుకున్నారు. నిజానికి చాలా బాగా పొసిగింది. నేను నీళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తాను. తేటగా కనిపించే నీళ్ళను రోజంతా అనుమానించడమే నా ఉద్యోగం. పాప పుట్టాక ఆ ఉద్యోగం ఇంటికి కూడా వచ్చేసింది.

మా గొడవ కారుతో మొదలైంది.

ఎవరో వాడి అమ్మేసిన కారు మాది. పాపను రోజూ క్రెష్‌లో దింపి ల్యాబ్‌కి వెళ్తాను. కొన్నాళ్ళుగా కారు స్టార్ట్ చేయగానే కాళ్ళ కింద బుస్సుమని చప్పుడు, లోపల కుళ్ళిన కోడిగుడ్డు వాసన. నాకు తలనొప్పి. పాపకు దగ్గు. మామూలు జలుబేనన్నారు డాక్టరు. నాకు నమ్మకం కుదరలేదు. ఆ డాక్టరు మా కారెక్కలేదు.

మామయ్య కారు కింద పడుకుని టార్చి వేసి చూసి, చేతులు తుడుచుకుంటూ లేచారు. "కన్వర్టర్ డబ్బా తుప్పు పట్టి చిల్లు పడింది. పొగ అక్కణ్ణుంచే వస్తోంది. సరిగ్గా ముందు సీటు కింద."

కన్వర్టర్ అంటే ఇంజనుకూ సైలెన్సర్‌కూ మధ్య గొట్టంలో ఉండే డబ్బా. విషపు పొగ దాన్లోంచి వెళ్తూ చాలావరకు విరిగిపోయి, అంత హాని చేయని వాయువులుగా బయటకు వస్తుంది. ఆ విషాల్లో కార్బన్ మోనాక్సైడ్ ఒకటి. రంగు లేదు, వాసన లేదు. కుళ్ళు వాసన వేరే వాయువుది. ఆ వాసన పోయినంత మాత్రాన ఈ విషం పోయినట్టు కాదు. ఈ సంగతి తెలిసినదాన్ని కాబట్టి ఆ రోజు నుంచే పాపను కారెక్కించడం మానేశాను. బస్సులో, ఆ తోపులాటలో, ఒక చేత్తో పాపను, ఇంకో చేత్తో సంచిని పట్టుకుని వెళ్ళడం మొదలుపెట్టాను. కారు పూర్తిగా బాగైందని నాకు నమ్మకం కుదిరేదాకా పాప అందులో కూర్చోదని అందరికీ చెప్పేశాను.

"గ్యారేజీలో వదిలేద్దాం," అన్నాడు మా ఆయన.

"వదిలితే కారు తిరిగొస్తుంది. అదే కారు వస్తుందని నమ్మకమేంటి?" అన్నారు మామయ్య. "లోపలి సామాన్లు ఎవడు చూశాడు? నేనే మారుస్తా. మన గుమ్మం ముందే."

విడిభాగాల షాపుకు మేమిద్దరం వెళ్ళాం. షాపాయన మామయ్యకు పాత పరిచయమే, మాట మాత్రం ఎప్పుడూ పడదు. కొత్త కన్వర్టర్ కౌంటర్ మీద పెట్టగానే మామయ్య దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపారు. మళ్ళీ ఊపారు. టార్చి వేసి ఒక చివర్నుంచి లోపలికి చూశారు.

"గిలక్కాయ కాదు పెద్దాయనా," అన్నాడు షాపాయన.

"గిలక్కాయైతే చప్పుడు రావాలి కదయ్యా. రాలేదు. అందుకే తీసుకుంటున్నా."

"పాతది తెచ్చి ఇవ్వండి మరి. మార్పిడి."

మామయ్య చేతులు ఆగిపోయాయి. జీవితమంతా పాతది ఇస్తేనే కొత్తది అన్న మనిషి. "తుప్పు పట్టిన డబ్బా నీకెందుకు?" అన్నారు.

పాతది విప్పాక చూద్దామని డబ్బు కట్టి బయటపడ్డాక, దారిలో నేను చెప్పాను. లోపల తేనెపట్టులా సన్నటి గదులుంటాయని, వాటి గోడలకు ప్లాటినం లాంటి ఖరీదైన లోహాలు పల్చగా పూసి ఉంటాయని, అవి బంగారంతో పోటీ పడతాయని, అందుకే పాతవాటిని కొంటారని. చెప్పకుండా ఉండాల్సింది. ఇంటికి రాగానే కొత్త కన్వర్టర్ బీరువాలోకి వెళ్ళింది. విప్పాక పాతదీ అందులోకే వెళ్తుందని మామయ్య ప్రకటించారు.

"నా చీరలు?" అన్నారు అత్తయ్య.

"చీరల్లో ప్లాటినం లేదుగా."

"తుప్పులో ఉందట, చీరల్లో లేదట! సరే, నేనూ కారు కిందే పడుకుంటా. అప్పుడన్నా తాళమేసి చూసుకుంటారు."

మర్నాడు సెలవు. గుమ్మం ముందు సిమెంటు నేల మీద కారు ముందు భాగం జాకీతో లేపి, ఇనప స్టాండ్లు పెట్టి, వెనక చక్రాలకు చెక్క ముక్కలు అడ్డుపెట్టారు మామయ్య. కారును అన్ని వైపులా తోసి చూశారు. మా ఆయనను తోయమన్నారు. నన్నూ తోయమన్నారు. బోల్టుల మీద తుప్పు వదిలించే నూనె ముందే చల్లి నానబెట్టారు. ఇంజను చల్లగా ఉందో లేదో చేత్తో ముట్టి చూసి, తర్వాత నా చేత్తో ముట్టించి చూశారు. డిపోలో ఏళ్ళ తరబడి మెకానిక్‌లు దొంగతనం చేస్తారేమోనని పక్కనే నిలబడి చూసిన మనిషి. దొంగతనాలు పెద్దగా పట్టుకోలేదట కానీ, పని మాత్రం మొత్తం నేర్చేసుకున్నారు.

పాపకు అన్నం పెట్టడానికి నేను లోపలికి వచ్చాను. బయట ఠంగు, ఠంగు, ఠంగు అని మూడు దెబ్బలు వినిపించాయి. పాప ఉలిక్కిపడింది. "మీ తాతయ్య ఎవరి మీదో సంతకం పెడుతున్నారు," అన్నారు అత్తయ్య. ఏ స్పానరు మీదో కొడుతున్నారనుకుని నేను పట్టించుకోలేదు.

సాయంత్రానికి కొత్తది బిగించేశారు. పాతదాని సెన్సర్ తీసి దీనికి మార్చారు, అతుకుల మధ్య పొగ కారకుండా కొత్త గాస్కెట్లు వేశారు, బోల్టులు అటొకటి ఇటొకటి సమానంగా బిగించారు. అతుకుల మీద సబ్బు నీళ్ళు పోసి ఇంజను నడిపితే ఒక్క బుడగ రాలేదు. బుసబుస పోయింది. మా ఆయన చప్పట్లు కొట్టాడు.

నాకు మాత్రం ఇంకో చప్పుడు వినిపించింది. గలగల. చిన్నది. గ్లాసులో రాళ్ళు వేసి కదిపినట్టు.

"మామయ్యా, అదేంటి?"

"ఏది?"

"ఆ గలగల."

"పైన వేడి తగలకుండా రేకుంటుంది కదా. వదులైనట్టుంది. సర్దుకుంటుంది."

ఆయన నా వైపు చూడకుండా చెప్పారు. అప్పుడు నాకు ఆయన మీద మొదటిసారి అనుమానం వచ్చింది. ఆయన లోపలికి వెళ్ళాక నేను కట్టె తీసుకుని ఆ రేకును గట్టిగా నొక్కి పట్టి, మా ఆయనను ఇంజను నడపమన్నాను. గలగల ఆగలేదు. రేకు కాదు. మామయ్యకు కూడా రేకు కాదని తెలుసనిపించింది.

ల్యాబ్ నుంచి కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి అడిగి తెచ్చాను. పాప సీట్లో పెట్టి, ఇంజను నడిపి, అందరం బయట నిలబడ్డాం. మోగలేదు. అసలు అలారం పనిచేస్తోందా అని నాకు అనుమానం. పక్కింటాయన స్కూటర్ స్టార్ట్ చేస్తే దాని గొట్టం దగ్గర పట్టుకున్నాను. కాసేపటికి కీచుమని వీధంతా వినిపించేలా అరిచింది.

"మీ బండి బాలేదండీ," అన్నాను.

"నేను పాలకు వెళ్తున్నానమ్మా," అన్నాడాయన బిక్కమొహం వేసి.

"మామకు తగ్గ కోడలు," అన్నారు అత్తయ్య గుమ్మంలోంచి. "ఇద్దరూ కలిసి రేపు నా కాఫీకి కూడా పరీక్ష పెడతారు."

అలారం మోగకపోయినా నేను పాపను ఎక్కించలేదు. లోపల ఏదో విరిగింది. విరిగిన ముక్కలు దారికి అడ్డం పడితే పొగ వెనక్కి తన్నుతుంది, కొత్త గాస్కెట్లను తోసుకుని వస్తుంది. ఇవాళ కాకపోతే వచ్చేవారం. ఆ మాటే మామయ్యతో అన్నాను.

"అంటే వాడు విరిగింది అంటగట్టాడు," అన్నారాయన. ఫోన్ తీసి షాపాయనను నోటికొచ్చినట్టు తిట్టారు. పాతదాని మీద కన్నేసి కొత్తది నాసిరకం ఇచ్చాడన్నారు, దొంగన్నారు, అంతకంటే పెద్ద మాట కూడా అన్నారు. మా ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు. షాపాయన షాపు మూసుకుని నేరుగా మా ఇంటికే వచ్చాడు.

విరిగిన సామాను దొరికినప్పుడు డిపోలో మామయ్య చేసే విచారణ ఒకటుంది. ఎవరి చేతిలో బాగుంది, తర్వాత ఎవరి చేతికి వెళ్ళింది, అక్కడ దానికి ఏం జరిగింది. ముందు గదిలో కుర్చీ వేసుకుని, షాపాయనను ఎదురుగా కూర్చోబెట్టి, అదే మొదలుపెట్టారు.

"నీ చేతిలో బాగుందా?"

"బాగుండబట్టే కదా తీసుకున్నారు! మా కౌంటర్ దగ్గర నిలబడి ఎంతసేపు ఊపారు? వెనకున్న కస్టమర్లు వెళ్ళిపోయారు. చప్పుడు వచ్చిందా?"

మామయ్య అబద్ధం చెప్పరు. "రాలేదు," అన్నారు.

"తర్వాత ఎవరి చేతికి వచ్చింది?"

ప్రశ్నలు అడగాల్సింది తను. షాపాయన అడుగుతుంటే ఆయనకు ఇబ్బందిగా ఉంది. "నా చేతికి. బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా మొలకే ఉంది."

"అది నిజం," అన్నారు అత్తయ్య. "నేను సాక్ష్యం. కట్టుకోవడానికి చీర లేక ఈ పాతదే కట్టుకున్నా."

మామయ్య కొడుకు వైపు తిరిగారు.

"నావైపు చూస్తారేంటి నాన్నా? నేను జాకీ మాత్రమే తిప్పాను."

"మరి బీరువాలోంచి తీశాక..." అంటూ మామయ్య ఆగిపోయారు. తర్వాత మెల్లగా నన్ను అడిగారు. "అమ్మాయ్, ఆ తేనెపట్టు అన్నావే, అది దేంతో చేస్తారు? తీగా? రేకా?"

నాకు అప్పుడు ఆ మూడు దెబ్బలు గుర్తొచ్చాయి. ఆయన కొట్టింది స్పానరు మీద కాదని ఒక్కసారిగా అర్థమైంది. ఇంతమంది ముందు, పైగా ఆయన తిట్టిన మనిషి ముందు, ఆ మాట నేను ఎలా అనాలి? అడిగిందానికి మాత్రం జవాబు చెప్పాను.

"పింగాణీ లాంటిది మామయ్యా."

"కప్పూ సాసరూ లాగానా?"

"గదుల గోడలు ఇంకా పల్చన. కాగితమంత."

ఆయన లేచి టార్చి తీసుకుని బయటకు వెళ్ళారు. స్టాండ్ల మీదే ఉన్న కారు కిందకు పాక్కుంటూ వెళ్ళి, చాలాసేపు రాలేదు. షాపాయన నావైపు చూశాడు, నేను గోడవైపు చూశాను. మామయ్య తిరిగొచ్చి గుమ్మంలోనే నిలబడ్డారు. చొక్కా వీపంతా సిమెంటు దుమ్ము.

"దొంగ దొరికాడు," అన్నారు.

"ఎవరండీ?" అన్నారు అత్తయ్య.

"స్టోరాయనే. సరిగ్గా నడిమధ్య కొట్టాడు, మూడు దెబ్బలు. మార్చేస్తారేమోనని." తర్వాత షాపాయనతో అన్నారు: "నిన్ను అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నా."

"ఏ మాటలు? చాలా అన్నారు."

"అన్నీ."

షాపాయనకు అత్తయ్య కాఫీ ఇచ్చారు. తాగి, గ్లాసు కింద పెట్టి, "ఇంకోటి తెప్పిస్తాను. పాతవి రెండూ నాకే కావాలి," అన్నాడు. మామయ్య వెళ్ళి బీరువా తాళం తీశారు.

రెండో కన్వర్టర్ ఆయనే కొన్నారు. ఎంతకని ఎవరూ అడగలేదు. అది వచ్చేదాకా ఇంట్లో ఆయన మాట తగ్గింది. ఒక సాయంత్రం పాప నా ఒళ్ళో ఆడుకుంటుంటే పక్కన కూర్చుని, "డిపోలో కూడా కొన్ని సామాన్లు కొత్తవే పగిలేవి. మెకానిక్‌లు మాకు తెలీదు అనేవాళ్ళు," అన్నారు. ఆ మాట తన సుత్తి దెబ్బల వైపే వెళ్తోందని నాకు తెలిసింది.

"డిపో సామాన్లు చాలావరకు ఉక్కువి కదా మామయ్యా, కొడితే అన్నీ ఒకేలా పగలవు," అన్నాను. నిజమే చెప్పాను. అది ఆయనకు సరిపోయిందో లేదో తెలీదు. పాప ఆయన కళ్ళజోడు లాగింది, ఆయన లాగనిచ్చారు.

రెండోది బిగించే రోజు నన్ను బయటే ఉండమన్నారు. "నా మీద ఓ కన్నేసి ఉంచు. చేయి ఊరుకోదు."

ఊరుకోలేదు కూడా. కొత్త కన్వర్టర్ బయటకు తీసి నేల మీద గుడ్డ పరిచి పెట్టాక, ఆయన కుడి చెయ్యి తనంతట తను చొక్కా జేబులోకి వెళ్ళింది. నేను దగ్గాను. చెయ్యి ఖాళీగా బయటకు వచ్చింది. పంచ్ తీసి నాకిచ్చి, "లోపల ఎక్కడైనా పెట్టు. ఎక్కడ పెట్టావో నాకు చెప్పకు," అన్నారు. మూడు చుక్కలు లేకుండా మా ఇంట్లో చేరిన మొదటి ఇనప వస్తువు ఆ రెండో కన్వర్టరే.

ఈసారి గలగల లేదు. కొత్త గొట్టానికి అంటిన నూనె మాడి మొదట కాస్త పొగ వచ్చింది. నేను పాపను ఎత్తుకుని వీధి చివరిదాకా పరిగెత్తాను. తర్వాత అదీ పోయింది. అయినా ఇంకొన్ని రోజులు కారును ఖాళీగానే తిప్పాను. వెనక పాప సీట్లో అలారం ఒక్కటే బెల్టు పెట్టుకుని కూర్చునేది.

"ఆ అలారాన్నే క్రెష్‌లో చేర్పించు, ఫీజన్నా దండగ కాదు," అన్నారు అత్తయ్య.

మామయ్య మాత్రం తొందరపెట్టలేదు. "నమ్మకం కుదరకపోతే ఎక్కించకు," అన్నారు. ఆ మాటకే నాకు ధైర్యం వచ్చింది.

ఎక్కించిన పొద్దున ఆయన కూడా వచ్చారు. వెనక పాప పక్కన, అలారం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నేను కిటికీలు కొంచెం దించి బయల్దేరాను. చెవులు రెండూ కారు కిందే ఉన్నాయి. ఏ చప్పుడూ లేదు, ఏ వాసనా లేదు. పాప ఏవో కూతలు కూస్తోంది. కొంతదూరం వెళ్ళాక ఆ కూతలు ఆగిపోయాయి.

"మామయ్యా, పాప ఏం చేస్తోంది?"

"నిద్రపోయింది."

"ఈ వేళకు ఎప్పుడూ నిద్రపోదే!"

"కారు ఊపుకు పిల్లలు పడుకుంటారమ్మా."

"అలారం?"

"మోగలేదు."

"లైటు? పచ్చగానే ఉందా?"

"పచ్చగానే ఉంది."

"నిజంగా చూసి చెప్తున్నారా?"

"నన్ను అనుమానిస్తున్నావా?"

"అవును మామయ్యా."

"సరే, బండి పక్కకు తీసి ఆపు. నాకూ అనుమానంగానే ఉంది."

రోడ్డు పక్కన ఆపి, వెనక తలుపు తీశాను. పాప తల ఒక పక్కకు వాలి ఉంది. పెదవుల రంగు చూశాను, బాగానే ఉంది. ఛాతీ లేస్తూ పడుతూ ఉంది. అది చాలాలి నాకు. చాలలేదు. మామయ్య పాప సాక్సు తీసి, అరికాలి మీద వేలితో గీశారు. కాలు లాక్కుంది. ఇంకోసారి గీశారు. కళ్ళు తెరిచి, మీదకు వంగిన మా రెండు మొహాలనూ చూసి, కింది పెదవి విరిచి, గుక్కపట్టి ఏడుపు అందుకుంది. కారు దద్దరిల్లిపోయింది.

"ఊపిరి చూశావా!" అన్నారు మామయ్య. "ఎంత గట్టిదో!"

నాకు నవ్వాగలేదు. ఆయనకూ ఆగలేదు. పాప ఏడ్చిన కొద్దీ ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం. వెనకాలే వస్తున్న ఒకాయన సైకిల్ ఆపి దిగాడు.

"ఏమైందండీ పాపకు?"

"ఏం లేదండీ, నిద్రలేపాం," అన్నాను.

"నిద్రలేపి నవ్వుతున్నారా?" ఆయన నన్ను చూశాడు, మామయ్య చేతిలోని సాక్సును, ఒళ్ళోని అలారాన్ని చూశాడు. "ఈ పాప మీకేమవుతుంది?"

"మనవరాలు," అన్నారు మామయ్య.

ఆయన నమ్మలేదు. వెళ్ళకుండా కారు నంబరు కేసి చూస్తూ నిలబడ్డాడు. మామయ్య ఆయన్ను కిందనుంచి పైదాకా, ఎంతో మెచ్చుకోలుగా చూశారు.